కొండ కింద చెల్లెలు

తిరుపతి పోయి వచ్చానంటే ఎవరైనా అడిగే మొదటి మాట, దర్శనం బాగా అయిందా అని. ఎవరి దర్శనమో చెప్పనక్కరలేదు. కొన్నేళ్ళ కిందట ఒక మే నెలలో నేను పుట్టి పెరిగిన ఆ ఊరికి పోయి, వారం రోజులుండి, కొండెక్కకుండానే తిరిగి వచ్చాను. బాగా అయిందనే చెప్పాను. నేను చూడటానికి పోయింది తాతయ్యగుంట గంగమ్మను.

కొండ దిగువన ఊరి మధ్యలో ఉంటుంది ఆ గుడి. తాతాచార్యుల పేరు మీద ఆ గుంటకు పేరొచ్చిందంటారు. వెనకటికి కొండెక్కే వాళ్ళు ముందు గంగమ్మను చూసుకునే పోయేవాళ్ళని మా ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. ఇప్పుడు యాత్రికుల్లో ఎక్కువమందికి ఆ గుడి ఉన్న సంగతే తెలియదు. జాతర వారం మాత్రం ఊరు ఊరంతా ఆమెదే. ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా కూడా ప్రకటించింది. ఆ మాట విని మా అమ్మ, "అంటే ఇన్నాళ్ళూ కాదా?" అంది.

గంగమ్మ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త. పదిహేనేళ్ళకు పెళ్ళయి, పంతొమ్మిదేళ్ళకు పుట్టింటికి తిరిగొచ్చి, మళ్ళీ పోనని కూర్చున్న మనిషి. ఎందుకు వచ్చేసిందో మాకెవరూ చెప్పలేదు. "ఆయమ్మకు అక్కడ సరిపడలా" అనేవాళ్ళు. జాతర చాటింపు వేసిన రాత్రి పిల్లలందరినీ మిద్దె మీద పడుకోబెట్టుకుని అత్త కథ ఎత్తుకునేది.

"ఈ ఊళ్ళో ఒక పాళెగాడు ఉండె. కొత్త పెండ్లికూతురు ఎవురైనా సరే, మొదటి రాత్రి వాడింటికి పోవాల్సిందే. మొగోళ్ళంతా తల వంచుకుని పంపిస్తా ఉన్నారు. అవిలాలలో కైకాలోళ్ళింట్లో పెరిగిన బిడ్డ గంగమ్మ. ఆ బిడ్డ మింద కూడా వాడు చెయ్యేసినాడు. అప్పుడు చూపించింది మ్మే తన రూపం! వాడు చూసి పరుగో పరుగు."

పరుగెత్తినవాడు ఎక్కడో దాక్కున్నాడు. ఆమె ఒక్కో దినం ఒక్కో వేషం కట్టి వెతికింది. బైరాగి అయింది, బండ అయింది, తోటి అయింది. బూతులు తిడితే రోషానికైనా బయటికి వస్తాడని వీధుల్లో తిట్టింది. చివరికి దొర వేషం కట్టుకుని వస్తే, దొర వచ్చాడు కదా అని దండం పెట్టడానికి బయటికి వచ్చాడు. అక్కడే తల నరికింది.

ఈ కథ ఇంట్లో మగవాళ్ళు చెప్పగా కూడా విన్నాను. వాళ్ళ కథలో పాళెగాడు "దుర్మార్గుడు", "ప్రజలను హింసించేవాడు". ఏం హింసో ఉండదు. అత్త కథలో మొదటి వాక్యమే అది. పదేళ్ళ పిల్లనైన నాకు అర్థం కాక, "వాడింటికి పోతే ఏమవుతుంది?" అని అడిగితే మా అవ్వ కసిరింది. అత్త మాత్రం, "ఇష్టం లేకుండా మింద చెయ్యేస్తాడు" అని చెప్పి కథలోకి వెళ్ళిపోయింది. ఆ వివరణ నాకు ఆ వయసుకు సరిపోయింది. ఇప్పటికీ అంతకంటే మంచి వివరణ నాకు దొరకలేదు.

చరిత్ర పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి కొంత కాలం ఈ పాళెగాడు ఎవరా అని వెతికాను. విజయనగర కాలంలో సైన్యాన్ని పోషించి, పన్నులు వసూలు చేసి పైకి కట్టే నాయకులుండేవారు. 1565 తర్వాత రాజ్యం కుంగిపోయేకొద్దీ కింద ఉన్న పాళెగాళ్ళు ఎవరి కోట వాళ్ళది, ఎవరి ఊళ్ళు వాళ్ళవి అన్నట్టు బలపడ్డారు. 1800లో దత్తమండలాలు నిజాం నుంచి కంపెనీ చేతికి వచ్చాక మన్రో వాళ్ళ సైన్యాలను రద్దు చేయించాడు. చిత్తూరు వైపు ప్రాంతం ఆర్కాటు నవాబు కింద ఉండి 1801లో కంపెనీకి పోయింది; 1804లో అక్కడి పాళెగాళ్ళు తిరగబడ్డారు. ఆ తర్వాత పాళెగాడు అనే మాట మన ప్రాంతంలో ప్రతిఘటనకు గుర్తయింది. 1846–47లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు, ఆయన మీద పాడుకునే పాటలు, 2019లో వచ్చిన సినిమా, అన్నీ ఆ జ్ఞాపకాన్నే పెంచాయి. ఆ తిరుగుబాటు నిజం, ఆ ఉరి నిజం. నాకు దాని మీద పేచీ లేదు.

కానీ ఒకే మాటకు ఇక్కడ రెండు జ్ఞాపకాలున్నాయి. ఒక జ్ఞాపకంలో పాళెగాడు తెల్లవాడికి ఎదురు తిరిగినవాడు. ఇంకో జ్ఞాపకంలో వాడు కొత్త పెళ్ళికూతురి గడప ముందు నిలబడినవాడు. మొదటిదానికి పుస్తకాలున్నాయి, విగ్రహాలున్నాయి. రెండోదానికి జాతర ఉంది. గంగమ్మ కథలోని పాళెగాడు ఫలానా ఊరి ఫలానా మనిషి అని ఏ కైఫీయతులో చూపించగలనని నేను అనడం లేదు. పేరు లేకపోవడమే నాకు ముఖ్యంగా తోస్తుంది. పేరుంటే అది ఒక దుర్మార్గుడి కథ అయ్యేది. పేరు లేదు కాబట్టి అది ఒక పదవి కథ. ఊళ్ళో ఎవరికి అధికారం ఉంటే వాడికి ఆడవాళ్ళ శరీరాల మీద హక్కుంటుందని అందరూ ఒప్పుకుని తల వంచుకున్న కాలాన్ని ఈ కథ దాచిపెట్టింది. తల వంచుకున్నవాళ్ళను కూడా వదిలిపెట్టలేదు, అత్త చెప్పినట్టు చెబితే.

రాతిలో వెతికితే ఆడవాళ్ళు ఎక్కడ కనిపిస్తారో కూడా చెప్పాలి. తిరుమల తిరుపతి దేవస్థానం తన శాసనాలను 1930లలో సంపుటాలుగా అచ్చు వేసింది. అందులో అందరికీ తెలిసిన స్త్రీ సామవై, శక్తివిటంకన్ అనే పల్లవ సామంతుడి భార్య. వెండి విగ్రహం చేయించి తిరుమలకు ఇచ్చింది. వజ్రాలు, ముత్యాలు, కెంపులు పొదిగిన నగలు ఇచ్చింది. ఉత్సవాలు జరగడానికి భూమి కొని రాసింది. ఆ దానం కాలం 966 అని ఒక లెక్క, అంతకు మూడున్నర వందల ఏళ్ళ ముందని ఇంకో లెక్క. ఏకాంతసేవలో పవళింపజేసే భోగ శ్రీనివాసమూర్తి ఆమె ఇచ్చిన విగ్రహమే. తిరుచానూరులో దొరికిన తొలి శాసనాలు కూడా పల్లవుల కాలానివే. అవి కొండ మీది దేవుడి ప్రతిరూపానికి కట్టిన గుడి గురించి చెబుతాయి. ఇవాళ మనం తిరుచానూరు అనగానే తలచుకునే అమ్మవారి పేరు వాటిలో లేదు. అంటే రాతి మీదికి దేవత కంటే ముందే దాత ఎక్కింది. భూమి ఉన్న ఆడది చరిత్రలో ఉంటుంది. పొంగలి కుండ తప్ప ఏమీ లేని ఆడవాళ్ళు ఏ గోడ మీదా ఉండరు. వాళ్ళ దేవతా ఉండదు.

అందుకే గంగమ్మ గుడి ఎంత పాతది అన్న ప్రశ్నకు నేను అంకె చెప్పను. అంకె చెప్పించుకోవడం కొండ మీది గుడికి అలవాటు. గంగమ్మ గుడికి ప్రతి ఏడూ మొదటి ఏడే. మంగళవారం అర్ధరాత్రి చాటింపు వేస్తారు. అవిలాల నుంచి పసుపు, కుంకుమ, చీర పుట్టింటి సారెగా వస్తాయి. గుడి ముందున్న కొడిస్తంభానికి అభిషేకం చేసి, పసుపు బట్ట చుడతారు. చాటింపు అయ్యాక జాతర ముగిసేదాకా ఊరివాళ్ళు పొలిమేర దాటి బయట రాత్రి గడపకూడదు. చిన్నప్పుడు ఈ నియమం మాకు బలే ఇష్టం, ఎవరూ ఎక్కడికీ పంపించలేరు కాబట్టి. అత్తకు కూడా అది ఇష్టమని చాలా తర్వాత తట్టింది.

బుధవారం బైరాగి వేషం. ఒంటినిండా తెల్ల సుద్ద. గురువారం బండ వేషం, కుంకుమ పూసుకుని బూతులు పాడతారు. శుక్రవారం తోటి వేషం, ఒంటికి బొగ్గు, వేపమండలు. శనివారం దొర, గంధం పూత. ఆదివారం మాతంగి. సోమవారం సున్నపు కుండలు. మళ్ళీ మంగళవారం జాతర. మొక్కున్న మగవాళ్ళు, మగపిల్లలు ఏ రోజు వేషం ఆ రోజు కట్టుకుంటారు. కైకాల కుటుంబానికి చెందిన మగవాళ్ళు కట్టే వేషాలు మాత్రం వేషాలు కావు, అమ్మవారే. వాళ్ళు గడప ముందుకు వస్తే ఆడవాళ్ళు కాళ్ళకు నీళ్ళు పోసి, హారతి ఇచ్చి, పిల్లల్ని ఆ కాళ్ళ మీద పడుకోబెడతారు.

ఈ బండ బూతుల గురించి ఒక మాట. స్త్రీవాదులం, తెలుగు తిట్లలో ఆడదాని శరీరం తప్ప ఇంకేం లేదని ఎన్నిసార్లు రాసుకున్నామో. నేనూ రాశాను. జాతరలో అవే మాటలు. పదేళ్ళ పిల్లాడు కుంకుమ పూసుకుని, వేపమండ ఊపుతూ, వాడికి అర్థం తెలియని మాటలు అరుస్తూ పోతాడు. ఆ మాటలు పాళెగాడిని బయటికి రప్పించడానికి గంగమ్మ తిట్టినవంటారు. కానీ ఆ బూతుల్లో చాలావాటికి తగిలేది వాడి తల్లికీ, అక్కకీ. దేవత నోట్లో కూడా మనకు వేరే భాష లేకపోయింది. ఆ వీధి మలుపులో నిలబడి నేను నవ్వాను, సిగ్గుపడ్డాను, రెండూ చేశాను. పక్కన నిలబడిన ముసలామె మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా ఒక్కో తిట్టుకూ తల ఊపుతూ, "ఈ ఏడు గొంతులు లేవు" అంది.

చివరి మంగళవారం మగవాళ్ళు చీరలు కట్టుకుంటారు. సవరం పెట్టి జడ వేసుకుని, పూలు తురుముకుని, గాజులు తొడుక్కుని గుడికి వస్తారు. ఒక ఇంటి అరుగు మీద ఒకామె మొగుడికి కుచ్చిళ్ళు పెడుతోంది. ఆయన కదిలిపోతున్నాడు. "నిలబడయ్యా, నేను దినామూ ఒక్కదాన్నే కట్టుకోవడంలా?" అని నడుము దగ్గర గట్టిగా దోపింది. అరుగు మీది ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. ఆయనా నవ్వాడు.

జాయిస్ బర్ఖాల్టర్ ఫ్లూకిగర్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1990ల నుంచి ఈ జాతరకు వస్తూ పోతూ, ఇక్కడి ఆడవాళ్ళతో ఏళ్ళ తరబడి మాట్లాడి రాసిన పుస్తకం 2013లో వచ్చింది. లోకమంతా ఆడదైపోయే వేళ అని దాని పేరులోనే ఉంది. ఆమె వాదంలో నాకు నచ్చిన అంశం, స్త్రీలకు వేషం ఎందుకు అక్కరలేదో చెప్పడం. ఆడవాళ్ళలో ఉన్న శక్తీ గంగమ్మలో ఉన్న శక్తీ ఒకటే కాబట్టి వాళ్ళు మారనక్కరలేదు; ఆ ఉగ్రాన్ని తట్టుకోవడానికి మారాల్సింది మగవాళ్ళే. మంచి మాట. నేను క్లాసులో చాలాసార్లు చెప్పాను. కానీ అరుగు మీద నిలబడి చూస్తుంటే ఒక సందేహం వదల్లేదు. బుధవారం తెల్లవారగానే ఆ చీర విప్పి ఇస్తే ఎవరు ఉతుకుతారు? మగవాడికి మారడానికీ మళ్ళీ వెనక్కి రావడానికీ దారి ఉంది. శక్తి అని పేరు పెట్టి మనల్ని ఉన్నచోటే ఉంచడం కూడా జరుగుతుంది కదా.

అదే పుస్తకంలో ఇంకో అధ్యాయం నన్ను ఎక్కువ కుదిపింది. ఒకప్పుడు తాతయ్యగుంట గుడిలో అమ్మవారి సేవ మొదలియార్ కుటుంబంలోని ఆడవాళ్ళ చేతుల్లో ఉండేది. తర్వాత అది వాళ్ళ చేతుల్లోంచి పోయింది. గుడికి రాబడి పెరిగి, పద్ధతులు పెద్ద గుడుల పద్ధతులయ్యేకొద్దీ అమ్మవారిని తాకే చేతులు మారాయి. మన గ్రామదేవతల గుడులన్నిటికీ ఇదే వరస. గోపురం లేస్తుంది, మంత్రం వస్తుంది, కోడి బయటికి పోతుంది, దాంతోపాటు ముసలామె బయటికి పోతుంది. జంతుబలిని నిషేధించే చట్టం 1950 నుంచే ఉంది. కోడి గురించి చట్టం చేయడానికి మనసొప్పింది. ముసలామె గురించి ఎవరికీ చట్టం తోచలేదు.

మాతంగి వేషం రోజు నాకు అన్నిటికంటే కష్టమైన రోజు. పాళెగాడిని చంపాక గంగమ్మ మాతంగి రూపంలో వాడి పెళ్ళాం దగ్గరికి పోయి ఓదార్చిందని చెబుతారు. ఇట్లాంటి ఘట్టం మన పురాణాల్లో ఎక్కడుంది? నరసింహుడు హిరణ్యకశిపుడి భార్య దగ్గరికి పోయినట్టు ఎవరూ చెప్పలేదు. చంపి ఊరుకోకుండా, వెనక్కి తిరిగి, ఆ ఇంట్లో మిగిలిన ఆడదానితో మాట్లాడిన దేవత. ఆమె తన మొగుడి సంగతి ఎరిగీ అన్నాళ్ళు అదే ఇంట్లో ఉన్న మనిషి. ఇద్దరూ ఏం మాట్లాడుకుని ఉంటారని అత్తను అడిగాను ఒకసారి. "మాట్లాడుకోవడానికి ఏముంది, పక్కన కూచ్చొని ఉంటుంది" అంది.

ఆ ఓదార్చే రూపానికి మాతంగి అనే పేరు ఎందుకు వచ్చిందో ఆలోచించండి. మాతంగి మాదిగల దేవత. ఆ పేరుతో నిజమైన స్త్రీలు ఉండేవారు. థర్‌స్టన్ 1909లో వేసిన సంపుటాల్లో మాదిగల గురించిన భాగంలో వాళ్ళ వివరాలున్నాయి. పెళ్ళి లేకుండా దేవతకు చెందిన స్త్రీ, పూనకంలో పై కులాల వాళ్ళ మీద కూడా ఉమ్మేది, తిట్టేది. ఏడాదంతా ఆమె నీడ పడకూడదనే వాళ్ళు ఆ రోజు ఆ ఉమ్ము కోసం నిలబడేవాళ్ళు. ఇవాళ తిరుపతి వీధుల్లో మాతంగి రూపం కట్టేది వేరే కులపు మగవాడు. దళిత స్త్రీ నోట్లోంచి వచ్చిన తిట్టు, ఉమ్ము, అధికారం వేషంగా మిగిలాయి. ఆమె మిగల్లేదు.

మిగల్లేదని అనడం కూడా తప్పే. సత్యవేడు, నాగలాపురం, వరదయ్యపాళెం వైపు పల్లెల్లో మాతమ్మలున్నారు. పసితనంలో జబ్బు చేస్తే తగ్గడానికి మాతమ్మకు మొక్కి, గుడిలో వదిలి, తాళి కట్టించిన ఆడపిల్లలు. పెద్దయ్యాక వాళ్ళకు పెళ్ళి లేదు. పిల్లలు పుడితే తండ్రి లేడు. జాతరల్లో ఆడాలి. దేవదాసీలుగా అంకితం చేయడాన్ని నిషేధిస్తూ 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. 2017లో జాతీయ మానవ హక్కుల కమిషన్ ఈ మాతమ్మల విషయంలో ఆంధ్ర, తమిళనాడు ప్రభుత్వాలకు నోటీసులిచ్చింది, అంటే చట్టం వచ్చిన దాదాపు ముప్ఫై ఏళ్ళకు. కొత్త పెళ్ళికూతురిని పాళెగాడి ఇంటికి పంపిన కథను ఏడు రోజులు వేషాలు కట్టి చెప్పుకునే జిల్లాలోనే ఇది. మాతంగి వేషానికి హారతి పట్టిన చేతులతో మాతమ్మ పిల్లకు మంచినీళ్ళు ఇస్తామా అని నన్ను నేనే అడుక్కున్నాను. మా ఇంట్లో ఇచ్చేవాళ్ళు కాదు. అత్త కూడా.

జాతర వారంలో ఒక రోజు తిరుమల తిరుపతి దేవస్థానం నుంచి గంగమ్మకు సారె వస్తుంది. గోవిందరాజస్వామి గుడి దగ్గర నుంచి మేళతాళాలతో తెస్తారు. చీర, పసుపు, కుంకుమ. వెంకటేశ్వరుడు అన్న, గంగమ్మ చెల్లెలు. ఆయన భార్య పద్మావతి కూడా కొండ మీద ఉండదు. తిరుచానూరులో విడిగా ఉంటుంది. ఆమెను స్వతంత్ర లక్ష్మి అంటారు. ఆమెకూ కార్తీకంలో పంచమీ తీర్థానికి కొండ నుంచి సారె దిగుతుంది. అన్నగారి సంపద ఎంతో లోకానికంతా తెలుసు. కింద ఉన్న ఇద్దరాడవాళ్ళకూ ఏడాదికొక చీర. ఈ మాట నేను సరదాగా అంటే మా అమ్మ చెంపలు వేసుకుంది గానీ నవ్వు ఆపుకోలేకపోయింది.

మా ఇంట్లో కూడా అంతే జరిగింది. మా తాత పోయినప్పుడు 1956 చట్టం ప్రకారం ఆయన వాటాలో అత్తకు రావలసిన భాగం మాట ఎవరూ ఎత్తలేదు. 1986లో రాష్ట్ర సవరణ వచ్చి, 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు అంది. అయితే ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళకు అది వర్తించదు. అత్త పెళ్ళి 1960లలోనే అయిపోయింది. నాలుగేళ్ళు మాత్రమే సాగిన ఆ పెళ్ళి జీవితమంతా ఆమెను హక్కుకు అవతల నిలబెట్టింది. 2005లో కేంద్ర చట్టం పెళ్ళి అడ్డు తీసేసింది. అప్పటికి అత్త పోయి రెండేళ్ళు. మా నాన్న చెడ్డవాడు కాదు. ప్రతి జాతరకూ చెల్లెలికి చీర పెట్టాడు, ఒక్క ఏడు కూడా మానకుండా. అత్త కళ్ళకద్దుకుని తీసుకుంది. ఆమె వండిన వంట, మోసిన నీళ్ళు, పెంచిన మమ్మల్ని లెక్క కట్టిన వాళ్ళు లేరు. నేను చదువుకున్నదాన్ని, చట్టం తెలిసినదాన్ని, నాన్నను అడిగానా? అడగలేదు. నా వాటా గురించి కూడా చాలా ఆలస్యంగా, గొంతు తగ్గించి అడిగాను.

మంగళవారం రాత్రంతా గుడి ముందు గంగమ్మ విశ్వరూపం మట్టితో కడతారు. తెల్లవారుజామున ఆ పెద్ద ముఖం చెంప నరుకుతారు. పాళెగాడిని చంపింది ఆమె. నరికేది ఆమె ముఖాన్ని. ఉగ్రం చల్లారడానికి అంటారు. అంత కోపం ఊళ్ళో ఉంటే భరించలేరు కాబట్టి తీసేస్తున్నారని నాకనిపిస్తుంది. తీసేసిన క్షణంలో జనం ఆ మట్టి కోసం మీద పడతారు. చీరల్లో ఉన్న మగవాళ్ళు, నిజంగా చీరలు కట్టుకునే వాళ్ళు, అందరూ. జబ్బు చేస్తే ఆ మట్టి నీళ్ళలో కలిపి పూస్తారు. నాకు కొంచెమే దొరికింది, అది కూడా ఎవరో ఒకామె తన పిడికిట్లోంచి తుంచి ఇచ్చింది.

అత్త పోయాక ఆమె ట్రంకు పెట్టె తెరిచినప్పుడు అడుగున ఇట్లాంటి మట్టి పెళ్ళలే పాతికకు పైగా ఉన్నాయి. ఒక్కోటీ ఒక్కో చీర పీలికలో మూట కట్టి ఉంది. అమ్మ వాటిని చూసి, ఇది ఫలానా ఏడు పెట్టింది, ఇది మీ నాన్న నెల్లూరు నుంచి తెచ్చింది అని గుర్తుపట్టింది. పెట్టిన చీరలన్నీ అంచు చించినవే. ఆ మూటలు ఇప్పుడు మా చెల్లెలి దగ్గర ఉన్నాయి. జాతర నుంచి తెచ్చినది కూడా దానికే ఇచ్చాను, నా పాత చీర అంచు చించి కట్టి.